దారి ఇచ్చే స్టేషన్లు

ఎక్స్‌ప్రెస్ బండిలో పోయేవారికి చిన్న స్టేషన్లంటే చిన్నచూపు. అది సహజమే. పసుపుపచ్చని పేరుపలక ఒకటి అందీ అందకుండా కిటికీ పక్కనుంచి జారిపోతుంది. ఒక వేపచెట్టు, ఒక సిమెంటు బెంచీ, పచ్చజెండా పట్టుకుని నిలబడ్డ మనిషి ఒకడు. అంతటితో స్టేషను అయిపోతుంది. "ఏ ఊరు నాన్నా అది?" అని పిల్లవాడడిగితే, "ఏదోలేరా" అని మళ్లీ పత్రికలో తల దూరుస్తాం.

పాసింజరు బండిలో పోయేవాడి సంగతి వేరు. ఆ "ఏదో" స్టేషనే ఒక్కొక్కప్పుడు అతనికి ముప్పావుగంటసేపు సమస్త ప్రపంచమూ అయి కూర్చుంటుంది. నాకు అలాంటి ముప్పావుగంట ఒకటి బాగా జ్ఞాపకం.

చాలా ఏళ్లనాటి మాట. గోదావరి ఒడ్డున బొగ్గుబావులు ఒక్కొక్కటే తెరుస్తున్న రోజులు. నేను కాజీపేటలో బండెక్కి రామగుండం పోతున్నాను. ఆ తావులో అప్పటికింకా ఒంటిలైనే. పెద్దపల్లి రాకముందే ఒక చిన్న స్టేషనులో మా బండిని పక్కలైనులోకి మళ్లించి నిలబెట్టారు. పది నిమిషాలయింది, ఇరవై అయింది. ఇంజను నిట్టూరుస్తోంది గాని కదలదు. జనం ఒక్కొక్కరే దిగి వేపచెట్టు కిందికి చేరారు. ఒకరు బీడీ ముట్టించారు, ఒకరు మక్కకంకులు బేరమాడుతున్నారు.

నా ఎదుటి బల్లమీద ఒక అవ్వ కూర్చున్నది. ఒళ్లో గుడ్డ కట్టిన గంప. దాన్ని రెండు చేతులతో పట్టుకుని మాటిమాటికీ బయటికి తొంగి చూస్తున్నది.

"ఎక్కడికవ్వా?" అన్నాను.

"మా పిలగాడు బొగ్గుబాయిల పనికి కుదిరిండు కొడుకా. రెండు నెలలాయె ఇంటికి రాక. మధ్యాన్నం షిఫ్టుకు దిగకముందే ఒక్కసారి మొకం చూద్దామని పోతున్న. సర్వపిండంటే వానికి పానం."

అంటూనే గంప విప్పి, ఒక సర్వపిండి సగానికి తుంచి నా చేతిలో పెట్టింది. వద్దంటే ఊరుకోలేదు. కొడుకుకని చేసినదాంట్లో నాకూ భాగం వచ్చింది.

ముప్పావుగంట గడిచాక నేల అదిరింది. ఎదురుగుండా బొగ్గుబండి వచ్చింది. నల్లటి ఇంజను, వెనుక లెక్కకు మిక్కిలిగా డబ్బాలు, డబ్బాడబ్బాకీ గోపురంలాగా బొగ్గు. ఆగకుండా సాగిపోయింది. మా పెట్టెలోని పెద్దమనిషి ఒకాయన మండిపడ్డాడు. "మనుషుల్ని ఆపి బొగ్గును పంపిస్తారటండీ! ఇదేం న్యాయం?"

అవ్వ ఆయనవైపు తిరిగింది. "పోనియ్యి సారూ. నా కొడుకసుంటోళ్లు తవ్విన బొగ్గే గద. అది ఆగితే ఆళ్ల పని ఆగది?"

పెద్దమనిషి మరి మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. కాని ఆ ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. మనుషుల్ని ఆపే ఆ పక్కలైను అక్కడెందుకున్నది? ఎవరికోసం కట్టారు? తర్వాత కొంత చదివాను, తెలిసినవారిని కొంత అడిగాను. తెలిసినదేమిటంటే, అలాంటి స్టేషన్లు చాలామటుకు ఊరికోసం కట్టినవి కావు. బండికోసం కట్టినవి.

అదెలాగో చెబుతాను. ఒంటిలైనుమీద రెండు బండ్లు ఎదురెదురుగా వస్తే ఒకటి తప్పుకోవాలి. తప్పుకోవడానికి చోటు కావాలి. ఆ చోటునే రైలువారు లూపు అంటారు. అసలు లైనులోంచి చీలి, కొంతదూరం పక్కనే నడిచి, మళ్లీ అసలు లైనులో కలిసే పట్టా అది. రెండు చివరలా పాయింట్లు ఉంటాయి. అవి కాస్తకు జరిగి చక్రాన్ని ఇటో అటో మళ్లిస్తాయి. ఒక స్టేషనునుంచి పక్క స్టేషనుదాకా ఉన్న ముక్కలో ఒక వేళకు ఒకే బండి ఉండాలి. దానికి గుర్తుగా డ్రైవరుకు టోకెను ఇచ్చేవారు. చాలాచోట్ల అది ఉక్కుగుండు. తోలుసంచిలో పెట్టి, బెత్తపు చక్రానికి తగిలించి, నడిచే బండిమీదికి అందించేవారు. రెండు స్టేషన్లలోనూ జంటగా ఉండే యంత్రాల్లోంచి ఒక గుండు బయటికి తీశారంటే, అది మళ్లీ యంత్రంలో పడేదాకా రెండోది ఎవరెంత లాగినా రాదు. గుండు చేతిలో లేనిదే ముందుకు పోగూడదు. ఆ చిన్న నియమమే ఎన్ని ప్రాణాలు కాపాడిందో!

ఇప్పుడు లెక్క చూడండి. ఒక ముక్క దాటడానికి బండికి 20 నిమిషాలు, టోకెను మార్చి పాయింట్లు సరిచెయ్యడానికి మరో 5 నిమిషాలు పడుతుందనుకోండి. రోజుకు 1,440 నిమిషాలు గనుక, రెండువైపులా కలిపి ఆ ముక్కమీద 57 బండ్లు పోగలవు. మధ్యలో ఒక చిన్న స్టేషను తీసేశారనుకోండి. ముక్క రెట్టింపవుతుంది. దాటడానికి 40, మార్పిడికి 5, మొత్తం 45 నిమిషాలు. అప్పుడు పోగలిగినవి 32 బండ్లే. ఒకచోట 32 బండ్లే పోగలిగితే, మిగతా దారంతా ఎంత విశాలంగా ఉన్నా పోయేవి 32 బండ్లే. కూజా పొట్ట ఎంత ఉంటేనేం, మూతి ఇరుకయితే నీళ్లు ధారగానే పడతాయి. అంటే మదరాసు, ఢిల్లీవంటి మహాపట్నాలమధ్య ఎన్ని బండ్లు నడవాలన్నది, పేరు తెలియని ఒక పల్లెపక్క లూపు నిర్ణయిస్తుందన్నమాట!

అందుకే లూపుల దూరం బండి లెక్కప్రకారం ఉంటుంది గాని ఊళ్ల లెక్కప్రకారం ఉండదు. కాజీపేటనుంచి బల్హార్షా దాకా స్టేషన్ల పేర్లు చదవండి. హసన్‌పర్తి రోడ్డు, రేచిని రోడ్డు, ఆసిఫాబాదు రోడ్డు. ఈ "రోడ్డు" ఏమిటనుకుంటున్నారు? రైలు దిగితే ఊరు రాదు, ఊరికి పోయే రోడ్డు వస్తుందని మర్యాదగా చెప్పడం.

అసలీ రైళ్ల కథంతా బొగ్గుతో ముడిపడ్డదే. 1871లో భూగర్భశాస్త్రజ్ఞుడు డాక్టర్ విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు కనిపెట్టాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీకి తవ్వకపు హక్కులు దక్కాయి. కాని భూమిలో ఉన్న బొగ్గు రైలెక్కితే తప్ప డబ్బు కాదు. 1874లో వాడినుంచి సికిందరాబాదు చేరిన నిజాం రైలుదారి, వరంగల్లు మీదుగా తూర్పుకు సాగి, డోర్నకల్లునుంచి ఇల్లెందు బొగ్గుకోసం ఒక కొమ్మ వేసి, 1889లో బెజవాడ చేరింది. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. ఇల్లెందు దగ్గరి సింగరేణి గ్రామం పేరే కంపెనీ పేరయింది.

ఇక మన దారి. కాజీపేటనుంచి ఉత్తరంగా పెద్దపల్లి, రామగుండం మీదుగా గోదావరి దాటి, మంచిర్యాల, బెల్లంపల్లి మీదుగా సుమారు 235 కిలోమీటర్లు. 1929లో ఈ లంకె పూర్తయి, మదరాసుకూ ఢిల్లీకీ తిన్నని దారి ఏర్పడింది. పెషావరునుంచి మంగుళూరుకు గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ బయలుదేరింది ఆ ఏడాది జనవరి 1నే. నిజాం రైల్వే 1951లో సెంట్రల్ రైల్వేలో కలిసింది. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే పుట్టింది. యజమాని పేరు మారుతూ వచ్చింది గాని, పాయింట్లు సరిచూసి జెండా పట్టేవాని పని మాత్రం మారలేదు.

తర్వాత గోదావరి ఒడ్డున అడవి పోయి గోదావరిఖని అనే పట్నం మొలిచింది. రామగుండంలో 1971లో 62.5 మెగావాట్ల విద్యుత్కేంద్రం వెలిసింది. 1978 నవంబరు 14న ప్రధాని మొరార్జీ దేశాయి చేతులమీదుగా ఎన్‌.టి.పి.సి. కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. 1983లో దాని మొదటి యూనిట్ వెలిగింది. క్రమంగా అది 2,600 మెగావాట్లకు పెరిగింది. ఆనాడు వేపచెట్టు కింద మేము పోగొట్టుకున్న ముప్పావుగంట వంటివి ఎన్ని చేరితే మన ఇళ్లలో దీపాలు వెలిగాయో ఎవరు లెక్క కట్టారు?

ఇప్పుడా టోకెను గుండ్లు లేవు. ఆవిరి ఇంజన్లు పోయాయి. 1980 దశకం చివరకు ఈ దారికి కరెంటు వచ్చింది. ఒంటిలైను జంటలైనయింది, మూడో లైను కూడా ముక్కలుముక్కలుగా వచ్చింది. ఈనాటి బొగ్గుబండికి 58 డబ్బాలదాకా ఉంటాయి. అంతటి బండి ఇమడాలంటే లూపు సుమారు 686 మీటర్లు ఉండాలి. లూపు చాలకపోతే బండి తోక అసలు లైనుమీదే మిగులుతుంది. తోక మిగిలితే వెనుకవాళ్లందరూ ఆగవలసిందే.

చిన్న స్టేషను విలువ ఒక్కొక్కప్పుడు చేదుగా తెలిసివస్తుంది. పెద్దపల్లికీ రామగుండానికీ నడుమ రాఘవాపురం అని ఒక చిన్న స్టేషను ఉన్నది. 2024 నవంబరు 12 రాత్రి ఆ దగ్గరలో ఇనుపచుట్టలు మోసుకుపోతున్న గూడ్సు బండి డబ్బాలు 11 పట్టాలు తప్పాయి. మర్నాడు ఎన్నో బండ్లు రద్దయ్యాయి, ఎన్నో చుట్టుదారిన పోయాయి. ఎక్కడెక్కడి ప్రయాణికులో "రాఘవాపురం ఎక్కడండీ?" అని అడిగారు. అన్నాళ్లూ ఆ స్టేషను మీదుగానే వాళ్లు నిద్రపోతూ ప్రయాణం చేశారు!

ఇంతకూ చెప్పవచ్చేదేమిటంటే, స్టేషను బండికోసం కట్టారు గాని, కట్టిన తర్వాత చుట్టుపక్కల పల్లెలు దాన్ని తమదే అనుకున్నాయి. ఒక చాయ్ కొట్టు వెలిసింది. జమ్మికుంట పత్తిమార్కెట్టుకు పోయే రైతూ, పెద్దపల్లి కాలేజీకి పోయే పిల్లా, షిఫ్టుకు పోయే కార్మికుడూ బండి వేళనుబట్టి తెల్లవారు లేవడం నేర్చుకున్నారు. ఇప్పుడు బండికి అక్కడ ఆగవలసిన అవసరం తగ్గింది. ఊరికి మాత్రం తగ్గలేదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

2020 మార్చిలో కరోనా కారణంగా దేశమంతటా పాసింజర్లు ఆగిపోయాయి. మళ్లీ నడిపినప్పుడు ఎక్స్‌ప్రెస్ ఛార్జీ పెట్టారు. 10 రూపాయల కనీస టికెట్టు 30 అయింది. 2024 ఫిబ్రవరిలో తిరిగి 10కి దిగింది. టికెట్టు దిగింది గాని, పోయిన హాల్టులు దేశంలో చాలా చిన్న స్టేషన్లకు తిరిగి రాలేదు. ఎందుకంటే అక్కడ అమ్ముడయ్యే టికెట్లు తక్కువ. అది అబద్ధం కాదు. కాని నేను అడిగేది ఒకటే. తొంభై ఏళ్లపాటు ఎదుటి బండికి దారి ఇచ్చిన స్టేషను ఆదాయాన్ని దాని కిటికీలో తెగిన టికెట్లతోనే కొలవడం న్యాయమా? అది పక్కకు తప్పుకోబట్టి సాగిపోయిన బండ్ల సంపాదనలో దానికి భాగం లేదా? రోజుకు రెండు పాసింజర్లు రెండేసి నిమిషాలు ఆగితే, పట్నాలనడుమ పరుగెత్తే బండ్లకు పోయేది ఏపాటి? పెద్దలు ఆలోచించాలి.

ఆ అవ్వ సంగతి చెప్పడం మరిచాను. రామగుండంలో దిగి ఇద్దరం ఒకే బస్సులో పోయాం. బాయి గేటు దగ్గరికి వెళ్లేసరికి సైరను ఎప్పుడో మోగిపోయింది. కొడుకు లోపలికి దిగిపోయాడు.

"మళ్లెప్పుడు పైకొస్తడు?" అని అడిగింది గేటుదగ్గరి మనిషిని.

"రాత్రికి వస్తడవ్వా."

"రాత్రే గద" అని, గంప దించి చెట్టుకింద కూర్చున్నది.