పనితనం అల్లాహ్ ఇచ్చిన అమానతు

కిందటి సంక్రాంతి సెలవుల్లో మా నర్సీపట్నం మక్తబ్ పిల్లలు కొందరిని వెంటబెట్టుకుని ఏటికొప్పాక వెళ్ళాము. వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊరి లక్క బొమ్మల పేరు దేశమంతటా వినబడుతుంది. 2017లో వాటికి భౌగోళిక గుర్తింపు లభించింది. 2025 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీ వీధుల్లో మన రాష్ట్ర శకటం మీద ఊరేగినవి ఆ బొమ్మలే. అయినా అదే జిల్లాలో ఉంటూ మా పిల్లల్లో ఒక్కరూ అంతవరకు ఆ ఊరు చూడలేదు.

ఒక పనివాడు చిన్న అంకుడు కర్ర ముక్కను లేత్ మిషన్‌కు బిగించాడు. కర్ర గిర్రున తిరుగుతుండగా ఉలి ఆనించాడు. పొట్టు రాలుతూ లోపలి నుంచి గుండ్రని ఆకారం ఒకటి బయటపడింది. తరువాత రంగు కలిపిన లక్క కడ్డీని దానికి అదిమి పెట్టాడు. రాపిడికి పుట్టిన వేడితోనే లక్క కరిగి కర్రకు పట్టుకుంది. చివర మొగలి ఆకుతో రుద్దాడు. కాసేపటికల్లా అద్దంలా మెరిసే బొంగరం పిల్లల చేతిలో ఉంది.

అప్పుడు పదకొండేళ్ళ అమ్మాయి ఒకతె మమ్మల్ని అడిగింది: "హజ్రత్, ముసవ్విర్ అంటే రూపమిచ్చేవాడు, అది అల్లాహ్ పేరు అని మీరే చెప్పారు కదా. మరి ఈయన కూడా రూపం ఇస్తున్నాడు. ఇది తప్పా?"

మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాము. ఆ ప్రశ్న వినగానే పాత సంగతి ఒకటి గుర్తుకు వచ్చింది. ఇరవై ఏళ్ళ క్రితం మా దగ్గర చదువుకునే ఒక పిల్లవాడు సుద్దముక్కను పిన్నుతో చెక్కి పిట్టను చేశాడు. రెక్కల మీద ఈకలు కూడా గీశాడు. మేము దాన్ని లాక్కుని కిటికీలోంచి పారేశాము. రేపు ప్రళయదినాన దీనికి ప్రాణం పొయ్యమంటే పొయ్యగలవా అని గద్దించాము. ఆ తరువాత ఆ పిల్లవాడు మా ముందు ఎప్పుడు నిలబడినా చేతులు వెనక్కి పెట్టుకునే నిలబడేవాడు.

కనుక ఈ జవాబు మేము ఇద్దరు పిల్లలకు బాకీ ఉన్నాము.

మూడు శుభనామాలు

దివ్య ఖుర్ఆన్‌లోని హష్ర్ సూరా చివర అల్లాహ్ శుభనామాలు మూడు వరుసగా వస్తాయి: ఖాలిఖ్, బారీ, ముసవ్విర్. పైకి మూడూ ఒకటే అర్థంలా కనిపిస్తాయి. కాదంటారు 1111లో మరణించిన ఇమామ్ గజాలీ (రహ్మ). శుభనామాలను వివరిస్తూ ఆయన ఒక భవనం ఉపమానం చెప్పారు. ఇల్లు కట్టాలంటే ముందు కొలతలు, లెక్కలు వేసేవాడు కావాలి. తరువాత కట్టే మేస్త్రీ కావాలి. ఆ పైన నగిషీ చెక్కి అందం తెచ్చేవాడు కావాలి. మనుషుల్లో ఈ మూడు పనులూ వేరువేరు చేతులవి. అల్లాహ్ విషయంలో మూడూ ఆయనవే. లెక్క ఆయనదే, ఉనికి ఇచ్చేదీ ఆయనే, రూపం దిద్దేదీ ఆయనే.

మరి మనిషి చేసేది ఏమిటి? ఆ బొంగరాన్నే చూద్దాము. కర్ర అడవిలో పెరిగిన చెట్టుది. లక్క ఒక చిన్న పురుగు కొమ్మల మీద స్రవించే జిగురు. పసుపు రంగు పసుపు కొమ్ముది, నీలం నీలి ఆకుది. రాపిడికి వేడి పుట్టాలన్న నియమాన్ని పనివాడు పెట్టలేదు. ఉలి పట్టుకున్న వేళ్ళు, వాటిని నడిపిన తెలివి కూడా అతను సంపాదించుకున్నవి కావు. అన్నీ ఇచ్చినవే. వాటిని కలిపి ఒక కొత్త పొందిక తేవడమే మనిషి చేయగలిగింది. మా ఉర్దూలో దాన్ని హునర్ అంటాము. తెలుగులో పనితనం అంటున్నాము.

మనిషిలో దైవాంశ ఉన్నదని ఇస్లాం చెప్పదు. అల్లాహ్‌కు సాటి లేదు, పోలిక లేదు. చెరువు నీటిలో చంద్రుడు కనిపించినంత మాత్రాన నీరు చంద్రుడైపోదు. అయితే ఆ నీటిని చూసినవాడు తల పైకెత్తి ఆకాశం వంక చూస్తాడు. పనితనం కూడా అంతే. తన పని చూసుకుని మురిసిపోయి అక్కడే ఆగినవాడు నీటిని చూసి ఆగినట్లు. ఈ నేర్పు ఎవరిచ్చారని అడిగినవాడు తల ఎత్తినట్లు.

మూసిన తలుపు, తెరిచిన తలుపు

ఇక బొమ్మల సంగతి. జీవుల రూపాలు చేసేవారికి హదీసుల్లో గట్టి హెచ్చరిక ఉన్నది. దాన్ని మేము తేలిక చేయడం లేదు. మేము ముఫ్తీలమూ కాము. దాని హద్దులు ఎంతవరకు అన్న విషయంలో ఉలమాల మధ్య భేదాభిప్రాయాలున్నాయి. పిల్లల ఆటబొమ్మలను చాలామంది వేరుగా చూశారు. హజ్రత్ ఆయిషా (రజి) బొమ్మల మధ్య గుడ్డ రెక్కలు కట్టిన గుర్రం ఒకటి ఉండేదట. గుర్రానికి రెక్కలేమిటని దైవప్రవక్త (సఅసం) అడిగారు. సులైమాన్ (అ.స.) గుర్రాలకు రెక్కలుండేవని మీరు వినలేదా అని ఆమె ఎదురు ప్రశ్న వేశారు. ప్రవక్త (సఅసం) మనసారా నవ్వారు. ఒక బాలిక ఊహకు ఆ ఇంట్లో దొరికిన మర్యాద అది.

అంతకన్నా మాకు కనువిప్పు కలిగించినది హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) దగ్గరకు వచ్చిన మనిషి సంగతి. తన చేతిపనే తనకు బతుకుతెరువని, చిత్రాలు చేసి బతుకుతున్నానని అతను చెప్పుకున్నాడు. ఇబ్నె అబ్బాస్ (రజి) అతనికి హదీసు వినిపించారు. అతని ముఖం పాలిపోయింది. అప్పుడాయన అతన్ని అలాగే పంపించి వేయలేదు. చెయ్యక తప్పదనుకుంటే చెట్లను, ప్రాణం లేనివాటిని చేసుకోమని దారి చూపారు.

మేము చేసిన పొరపాటు ఇక్కడ ఉన్నది. హెచ్చరిక చెప్పడం తప్పు కాదు. ఒక తలుపు మూసి రెండో తలుపు చూపకపోవడం తప్పు. ఆ పిల్లవాడికి పిట్ట వద్దు నాయనా, ఆకు చెక్కు, పువ్వు చెక్కు, బిస్మిల్లాహ్ అక్షరాలు చెక్కు అని ఉంటే ఏం పోయేది? ఆ చెయ్యి మాత్రం ఆగి ఉండేది కాదు.

ప్రవక్తలు చేసిన పనులు

చేతిపనిని చిన్నచూపు చూసేవారు ప్రవక్తల జీవితాలను మరొకసారి చదవాలి. నూహ్ (అ.స.) ఓడ నిర్మించారు. అది దైవ పర్యవేక్షణలో జరిగిన పని. దావూద్ (అ.స.) చేతుల్లో ఇనుము మెత్తబడింది. కవచం అల్లేటప్పుడు కడియాలకు సరైన కొలత పాటించమని ఆయనకు ఆదేశం వచ్చినట్లు సబా సూరా తెలియజేస్తుంది. కొలత తప్పకుండా పని చేయడం కూడా ఆరాధనలో భాగమేనని దీనివల్ల మనకు తెలియడం లేదా? జకరియ్యా (అ.స.) వడ్రంగి అని సహీహ్ ముస్లింలో ఉన్నది. మదీనాలో దైవప్రవక్త (సఅసం) నిలబడి ప్రసంగించిన మింబర్‌ను చేసినది ఒక వడ్రంగి బానిస. అతనికి స్వేచ్ఛ లేదు, ఆస్తి లేదు. అతని పనితనం మాత్రం మస్జిదులో అందరికన్నా ఎత్తున నిలిచింది.

మన ఇళ్ళలో ఏం జరుగుతున్నది?

మన తెలుగు ముస్లిముల్లో దూదేకుల సోదరులు పెద్ద సంఖ్యలో ఉన్నారు. దూది ఏకే విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి, పరుపులు, దిండ్లు కుట్టి పిల్లలను పెంచిన కుటుంబాలు అవి. ఉండకట్టిన దూదిని మళ్ళీ మబ్బులా విడదీయడం ఎంత ఓపికతో కూడిన పనో చూసినవారికే తెలుస్తుంది. అలాంటి పనివారి పేరును మన చుట్టూ ఉన్నవారు తిట్టుగా మార్చారు. ఉర్దూ రాదనీ, మన సాటి కాదనీ మనలోనే కొందరు వారిని దూరం పెట్టారు. ఉర్దూ మాట్లాడే ఇంట్లో పుట్టిన మేము ఈ మాట సిగ్గుతోనే రాస్తున్నాము.

ఆ ఇళ్ళలోనే గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో షేక్ నాజర్ పుట్టారు. సంగీతం గురించిన మసాయిల్‌ను ఇక్కడ పక్కన ఉంచుదాము. బుర్రకథను పేదవాడి ఆకలి చెప్పే గొంతుగా మలచిన మనిషి ఆయన. 1986లో పద్మశ్రీ అందుకున్నారు. 1997లో కన్నుమూశారు. ఆయన జీవితకథ పుస్తకం పేరు 'పింజారి'. లోకం తిట్టుగా విసిరిన మాట ఆయన పుస్తకానికి బిరుదులా నిలిచింది. హునర్‌ను అల్లాహ్ ఏ ఇంట్లో ఉంచుతాడో ఆయన ఇష్టం. వంశం అడిగి పంచడు.

నేడు పరుపులు మిషన్ల మీద వస్తున్నాయి. ఆ విల్లు చాలా ఇళ్ళలో అటక ఎక్కింది. కాలం మారడాన్ని మేము తప్పుపట్టడం లేదు. కాని చేతిపని చేసే తండ్రి తన కొడుకుతో "ఈ పని నాతోనే పోవాలి" అంటున్నప్పుడు, ఆ మాటలో కూలి తక్కువన్న బాధతో పాటు సిగ్గు కూడా వినిపిస్తున్నది. కూలి పెంచడం మన ఒక్కరి చేతిలో లేదు. సిగ్గు పోగొట్టడం మాత్రం మన చేతిలో ఉన్నది.

అమానతుకు లెక్క ఉన్నది

అమానతు అంటే మన దగ్గర దాచిన పరాయి సొమ్ము. దాన్ని పాడు చెయ్యకూడదు, పూడ్చి పెట్టకూడదు. ఏటికొప్పాకలో రసాయన రంగుల వాడకం పెరిగిన రోజుల్లో సి.వి.రాజు గారు చెట్ల నుంచి, గింజల నుంచి తీసే సహజ రంగులను తిరిగి వాడుకలోకి తెచ్చారు. 2023లో ఆయనకు పద్మశ్రీ ప్రకటించారు. ఆయన మన మతస్థులు కారు. కాని అందులో మనం నేర్చుకోవలసినది ఉన్నది. బొమ్మను పసిపిల్ల నోట్లో పెట్టుకుంటుంది. ఎన్నడూ చూడని ఆ పసిపిల్ల గురించి ఆలోచించి రంగు కలపడమే పనితనంలోని నిజాయితీ. కల్తీ చేసేవాడికి కూడా నేర్పు ఉంటుంది. అతను అమానతును పాడు చేసినవాడు. బిడ్డ చేతిలోని నేర్పును చూసి కూడా తొక్కిపెట్టినవాడు దాన్ని పూడ్చిపెట్టినవాడు. రెండోది మేము చేశాము.

తల్లిదండ్రులకు మా మనవి ఒక్కటే. మీ పాప మెహందీతో చేతి మీద లతలు గీస్తుంటే పనికిమాలిన పని అనకండి. మీ బాబు పాత సైకిలు విప్పి మళ్ళీ బిగిస్తుంటే చదువు పాడైపోతుందని కసరకండి. కాసేపు పక్కన కూర్చోండి. హద్దులు ప్రేమతో చెప్పండి, దారి కూడా చూపండి. పని పూర్తయ్యాక "మాషా అల్లాహ్" అనండి. ఆ ఒక్క మాటలో మెప్పూ ఉన్నది, అది ఎవరి దయవల్ల వచ్చిందో గుర్తు చేయడమూ ఉన్నది.

తరువాతి శుక్రవారం ఆ అమ్మాయికి జవాబు చెప్పాము. "ఆయన చేసింది అల్లాహ్‌తో పోటీ కాదమ్మా. అల్లాహ్ ఇచ్చినదాన్ని వాడుకోవడం. వాడుకున్నవాడు ఇచ్చినవాణ్ణి మరిచిపోకపోతే చాలు" అన్నాము. ఆ పిల్ల తల ఊపింది. చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడిన ఆ పిల్లవాడికి మాత్రం ఈ మాట చెప్పే అవకాశం మాకు ఇంకా రాలేదు. ఎక్కడున్నా అతను మమ్మల్ని క్షమించాలని కోరుకుంటున్నాము.

మన పిల్లల చేతుల్లో అల్లాహ్ ఉంచిన అమానతులను గుర్తించే చూపును, వాటిని కాపాడే ఓర్పును ఆయన మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.