జాలిమ్ బచ్‌పన్ తెలిస్తే జుల్మ్ మాఫ్ అయిపోతుందా?

సుజాన్ కాలిన్స్ 'హంగర్ గేమ్స్' నవలలు మూడూ 2008 నుంచి 2010 దాకా వరుసగా వచ్చాయి. చదవని పెద్దల కోసం రెండు ముక్కలు. పానెమ్ అని ఒక ముల్క్. దాని రాజధాని కాపిటల్. చుట్టూ గులామీలో బతికే జిల్లాలు. ఒకప్పుడు బగావత్ చేసినందుకు సజాగా, ప్రతి జిల్లా నుంచి ఏటా ఒక అబ్బాయినీ ఒక అమ్మాయినీ పట్టుకొచ్చి, చచ్చేదాకా కొట్టుకోమని మైదానంలో వదిలేస్తారు. ముల్క్ అంతా దాన్ని టీవీలో చూడాలి. ఈ తమాషాను నడిపించే హాకిమ్ పేరు కోరియొలేనస్ స్నో.

2020 మేలో అదే రచయిత్రి 'ది బాలడ్ ఆఫ్ సాంగ్‌బర్డ్స్ అండ్ స్నేక్స్' అనే నవల తెచ్చింది. అందులో స్నోకు పద్దెనిమిదేళ్లు. జాలిమ్ ఎలా తయారయ్యాడన్నదే కిస్సా. పుస్తకం రాకముందే, కథ ఇతనిదని తెలియగానే, చాలామంది పాఠకులు నారాజ్ అయ్యారు. వచ్చాక రెండు జమాత్‌లుగా చీలారు. ఒక జమాత్: "ఇలాంటి వాడి జవానీ గురించి మాకెందుకు? వాడి మీద హమ్‌దర్దీ పుట్టించడానికే ఇదంతా." రెండో జమాత్: "పాపం, ఆకలి చూశాడు, అమ్మానాన్నలు లేని యతీమ్, ప్రేమించిన పిల్ల వదిలేసి పోయింది. వాడు మాత్రం ఏం చేస్తాడు?" 2023 నవంబరులో సినిమా వచ్చాక రెండో జమాత్ ఇంకా పెరిగింది. హీరో ఖూబ్‌సూరత్‌గా ఉన్నాడు కదా!

నా మాట సూటిగా చెబుతాను. ఇద్దరూ ఒకే గలతీ చేస్తున్నారు. కారణం చెప్పడమంటే మాఫీ ఇవ్వడమే అని ఇద్దరూ అనుకుంటున్నారు. మొదటివాళ్లు అందుకు భయపడి పుస్తకాన్ని తోసేస్తున్నారు. రెండోవాళ్లు అందుకు మురిసిపోయి జాలిమ్‌ను గుండెకు హత్తుకుంటున్నారు. పుస్తకం మాత్రం ఆ రెండూ చేయమనడం లేదు.

స్నో పడ్డ గుర్బత్ అబద్ధం కాదు. ఖాందాన్ పేరు పెద్దది, పళ్లెంలో మాత్రం ఉడికించిన క్యాబేజీ. జంగ్‌లో తండ్రి పోయాడు, ఆస్తి పోయింది. తల్లి కాన్పులో చనిపోయింది. ముట్టడి రోజుల్లో, ఓ పెద్దింటి మనిషి వీధిలో చచ్చిపడిన పనిమనిషి కాలు కోసుకుపోవడం చిన్నప్పుడే కళ్లారా చూశాడు. ఇవన్నీ చదివితే ఎవరికైనా దిల్ కరుగుతుంది. కరగాలి కూడా.

కానీ అదే ఇంట్లో, అదే ఆకలితో పెరిగిన ఇంకో మనిషి ఉంది. చచేరీ బహన్ టైగ్రిస్. తండ్రి పాత చొక్కాను తిరగకుట్టి, దానికి గుండీలు కూడా తనే అమర్చి, తమ్ముడి ఇజ్జత్ నిలబెట్టింది. ఆమె ఎవరి మీదా కాటు వేయలేదు. ఏళ్ల తర్వాత, మూడో నవలలో, స్నో మనుషులు వెంటాడుతున్న బాగీలను తన దుకాణం కింద దాచింది ఈ టైగ్రిసే. ఆకలే మనిషిని జాలిమ్ చేస్తే, ఆమెను ఎందుకు చేయలేదు? "వాడు మాత్రం ఏం చేస్తాడు" అనే వాళ్లు ముందు దీనికి జవాబు చెప్పాలి.

తర్వాత సెజానస్ ప్లింత్. వీళ్లు జిల్లా నుంచి వచ్చి, ఆయుధాల వ్యాపారంలో గడించి, కాపిటల్‌లో స్థిరపడిన కుటుంబం. దౌలత్ ఉంది, బాప్‌కు రసూఖ్ ఉంది. నోరు మూసుకుంటే హాయిగా బతకొచ్చు. మూసుకోలేదు. చచ్చిపోయిన పాత క్లాస్‌మేట్ దగ్గర కడసారి రొట్టె ముక్కలు చల్లడానికి మైదానంలోకి వెళ్లాడు. స్నోను భాయ్ అన్నాడు, నమ్మాడు, తన రాజ్ అంతా చెప్పాడు. స్నో ఏం చేశాడు? ఆ మాటలను చప్పుడు లేకుండా జాబర్‌జే పక్షిలో రికార్డు చేసి కాపిటల్‌కు పంపాడు. సెజానస్‌ను ఉరి తీశారు. చివరి క్షణంలో అతను 'మా' అని పిలిస్తే, చెట్ల మీది పక్షులు ఆ పిలుపునే తిరిగి తిరిగి అరిచాయి. ఆ మా పంపిన మిఠాయిలు స్నో తిన్నాడు. తర్వాత ఆ ఇంటికే వారిస్ అయ్యాడు. ఇందులో ఏది మజ్బూరీ? ఏ పూట ఆకలి దీన్ని చేయించింది?

ఈ నవల అసలు బలం ఇక్కడే ఉంది. మనం స్నో బుర్రలో కూర్చుని చదువుతాం. ప్రతి పాపానికీ ముందు వాడు ఒక బహానా తయారు చేసుకుంటాడు. "ఇది అతని భలాయీ కోసమే." "నాకు ఇంకో దారి లేదు." "తప్పు వాళ్లదే." బహానాలన్నీ షరీఫ్ మనిషి మాటల్లాగే ఉంటాయి. సినిమాలో ఈ లోపలి గొంతు వినబడదు, ముఖం ఒక్కటే కనబడుతుంది. అందుకే సినిమా చూసి మోసపోయిన వాళ్లు ఎక్కువ.

లూసీ గ్రే ధోకా ఇచ్చిందట! కాస్త వెనక్కి తిరగేసి చూడండి. ముగ్గురిని చంపానని వాడి నోటే జారింది. మూడో వాడు ఎవరని అడిగితే జూఠ్ చెప్పాడు. పిల్ల తెలివైనది, అర్థం చేసుకుంది. వాడు తుపాకీ పట్టుకుని అడవిలో ఆమె కోసం వెతికాడు, చెట్లలోకి కాల్చాడు. ప్రాణం కాపాడుకోవడానికి పారిపోయిన ఆడపిల్లను బేవఫా అనే వాళ్లు తమ కూతుళ్లకు ఏం నేర్పుతారో ఆలోచించండి.

ఇక మొదటి జమాత్‌తో నా ఝగడా. "షైతాన్ కథ మాకొద్దు" అంటే ఖానాపూర్తి అయిపోదు. జాలిమ్ అమ్మ కడుపులోనే జాలిమ్‌గా పుట్టాడనుకుంటే మనకు మహా ఆరామ్. మనం అలా పుట్టలేదు కాబట్టి మన మీద మనకు షక్ అక్కర్లేదు! స్నో మాత్రం చదువుకున్న పిల్లాడు, మర్యాదస్తుడు, దాదీ ముద్దుల మనవడు. మన ఇళ్లలో మెచ్చుకునే లక్షణాలన్నీ ఉన్నాయి. అందుకే వాడి కథ తెలియాలి.

దూరం పోనక్కర్లేదు. మన ఇళ్లలోకి రండి. "నా సాస్ నన్ను ఎంత సతాయించిందో నీకేం తెలుసు" అంటూ బహూను ఏడిపించే అమ్మీలు లేరా? "మేం దెబ్బలు తిని బాగుపడలేదా" అంటూ బెత్తం ఎత్తే ఉస్తాద్‌లు లేరా? "గల్ఫ్‌లో నేను పడ్డ తక్లీఫ్ మీకు తెలీదు" అని బీవీ పిల్లల మీద విరుచుకుపడే అబ్బాలు లేరా? పడ్డ కష్టం నిజమే. కానీ పక్కింట్లోనే ఇంకో సాస్ ఉంటుంది. అంతే కష్టపడి, "నేను పడ్డది నా బహూ పడకూడదు" అనుకుంటుంది. రెండో ఆమెను మనం ఎవరికీ మిసాల్‌గా చూపం. మొదటి ఆమెకు మాత్రం "పాపం, ఆమె బచ్‌పన్ అలాంటిది" అని వకాలత్ చేస్తాం. మరి దెబ్బ తిన్న బహూకు వకీల్ ఎవరు?

గుర్బత్ మనిషిని వంచదని నేను అనను. వంచుతుంది. అందుకే ఏ పిల్లా పస్తు పడుకోకుండా చూడటం మొహల్లా అందరి జిమ్మేదారీ. కానీ పిల్లాడు పద్దెనిమిదేళ్ల వాడై దోస్త్‌ను ఉరికి పంపితే, ఆ ఫైస్లా వాడిదే. గాయం ఎవరో చేసి ఉండొచ్చు. ఆ గాయాన్ని అడ్డం పెట్టుకుని ఇంకొకరిని కోసే హక్కు మాత్రం ఎవరూ ఇవ్వలేదు.

కాబట్టి పిల్లల చేతిలో ఈ పుస్తకం కనబడితే లాక్కోకండి. పక్కన కూర్చోండి. స్నో మలుపు తిరిగిన ప్రతి చోటా ఒక్క సవాల్ అడగండి: "బేటా, ఇక్కడ వాడు ఇంకేం చేసి ఉండొచ్చు?" పిల్లలు జవాబు చెబుతారు, ఎందుకంటే ప్రతి చోటా ఇంకో దారి ఉంది. ఆ తర్వాత అదే సవాల్ మనల్ని కూడా అడుగుతారు. అప్పుడు మన బచ్‌పన్ కష్టాలు ఏకరువు పెట్టకుండా జవాబు చెప్పగలమా? ముందు దానికి తయారవుదాం.