కెమిస్ట్రీ డిగ్రీకి అసలు ఖర్చెంత?

"భాయ్‌సాబ్, అమ్మాయిని బీఎస్సీ కెమిస్ట్రీలో చేర్పిస్తే గిట్టుబాటవుతుందా?" అని మేడ్చల్‌లో ఆటో నడిపే ఒక తండ్రి అడిగారు. చదువును బేరమాడతారా అని మన పెద్దలు కసురుకున్నారు. ఆయన ప్రశ్నలో తప్పు లేదు. పెద్దల లెక్కలోనే తప్పుంది.

ఉద్యోగమంతా జమాఖర్చులు రాసినవాణ్ణి. ఫీజు ఒక్కటే ఖర్చు కాదు. ఆ అమ్మాయి దుకాణంలో నెలకు పదివేలు తెచ్చేదనుకుంటే, మూడేళ్ళలో ఆ ఇల్లు వదులుకునేది 3,60,000 రూపాయలు. పైగా ప్రభుత్వం ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిపడితే కళాశాలలు సర్టిఫికెట్లు ఆపుతున్నాయి. సర్కారు అప్పుకు బీదపిల్ల పట్టా తాకట్టా?

బీసీ-ఈ కింద దక్కిన 4 శాతం కళాశాల సీటుకూ సర్కారు కొలువుకూ పనికొస్తుంది. శామీర్‌పేట దాటి తుర్కపల్లి చేరితే, జీనోమ్ వ్యాలీలోని ప్రైవేటు కంపెనీల గేటు దగ్గర దానికి విలువ లేదు.

అలాగని చట్టం అక్కడ మూగది కాదు. అప్రెంటిస్ చట్టం 1961 నాటిది. దాని నిబంధనల ప్రకారం 30 మంది, అంతకు మించి సిబ్బంది ఉన్న సంస్థ, కాంట్రాక్టు కార్మికులను కూడా లెక్కించి, 2.5 నుంచి 15 శాతం మేర అప్రెంటిస్‌లను తీసుకోవాలి, స్టైపెండ్ ఇవ్వాలి. వారిలో మన మొహల్లాల పిల్లలెందరు? ఇఫ్తార్ విందుల్లో శాలువాలు కప్పించుకునే నాయకులు ఒక్కరోజైనా ఆ గేటు దగ్గర ఈ ప్రశ్న అడిగారా?

ఆ తండ్రితో చేర్పించమనే చెప్పాను. బకాయి ఉన్నా సర్టిఫికెట్ ఆపబోమని కళాశాల నుంచి ముందే రాతపూర్వకంగా తీసుకోమన్నాను.