కాంక్రీటు పోసే ముందే పైపు వేయాలి

హైదరాబాద్ నుంచి ముంబై రోడ్డు పట్టుకుని జహీరాబాద్ వస్తుంటే నేల కళ్ల ముందే మారిపోతుంది. పటాన్‌చెరు, సంగారెడ్డి దాకా గ్రానైట్ గుట్టలు, గుండ్లు. సదాశివపేట దాటితే నల్లరేగడి, దాని అడుగున బసాల్ట్ రాయి. జహీరాబాద్, కోహీర్ వైపు ఆ బసాల్ట్ మీద ఎర్రటి లాటరైట్ పొర. వంద కిలోమీటర్ల దారిలో రాయి మారితే పంట మారుతుందని ఇక్కడి ప్రతి రైతుకూ తెలుసు. రాయిని బట్టి ఇంట్లో పీల్చే గాలి కూడా మారుతుందన్న సంగతి మాత్రం మన చర్చల్లోకి ఇంకా రాలేదు.

రాళ్లలో, మట్టిలో సహజంగా కొద్దిపాటి యురేనియం ఉంటుంది. అది విచ్ఛిన్నమవుతూ రేడియంగా, రేడియం నుంచి రేడాన్ అనే వాయువుగా మారుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. ఆరుబయట గాలిలో కలిసి పలచబడిపోతుంది కాబట్టి అక్కడ సాధారణంగా ఘనపు మీటరుకు 5 నుంచి 15 బెక్వెరల్స్ (రేడియోధార్మికతను కొలిచే ప్రమాణం) మించి ఉండదు. మూసిన గదిలోకి చేరితే పేరుకుంటుంది. దాని అర్ధాయువు 3.8 రోజులే, కానీ అది విచ్ఛిన్నమైనప్పుడు పుట్టే పొలోనియం కణాలు ధూళిని అంటుకుని ఊపిరితిత్తుల్లోకి దిగి, అక్కడే ఆల్ఫా కిరణాలు వదులుతాయి. ఊపిరితిత్తుల క్యాన్సర్లలో 3 నుంచి 14 శాతం దాకా రేడాన్ వల్లేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఏళ్ల తరబడి పీల్చే గాలిలో ఘనపు మీటరుకు 100 బెక్వెరల్స్ పెరిగినప్పుడల్లా ఆ క్యాన్సర్ ముప్పు సుమారు 16 శాతం పెరుగుతుంది. పొగ తాగేవారికి ఈ ముప్పు తాగనివారికన్నా సుమారు 25 రెట్లు. ఇంటి పెద్ద బీడీ మానడానికి ఇది ఇంకో గట్టి కారణం.

యురేనియం పేరు మనకు కొత్త కాదు. నల్గొండ జిల్లా లంబాపూర్, పెద్దగట్టు ప్రజలు గనులు వద్దని ఏళ్ల తరబడి నిలబడ్డారు. నల్లమలలో తవ్వకాలు వద్దని 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ తీర్మానం చేసింది. ఆ పోరాటాలు న్యాయమైనవి. గనిలోని యురేనియం గురించి అంత పట్టుదలగా మాట్లాడిన సమాజం, తన పునాది కింది యురేనియం గురించి మౌనంగా ఉండటమే నన్ను బాధిస్తోంది. ఎందుకంటే గనిని ఆపడానికి ఉద్యమం కావాలి. ఇంటిని బాగుచేసుకోవడానికి ఒక పైపు చాలు.

కాగితం మీద చూస్తే జహీరాబాద్ అదృష్టవంతురాలు. బసాల్ట్‌లో యురేనియం సాధారణంగా పది లక్షల భాగాల్లో ఒక భాగం లేదా అంతకన్నా తక్కువ. గ్రానైట్‌లో మూడు నుంచి అయిదు భాగాలు. అయితే గదిలో ఎంత రేడాన్ నిలుస్తుందో చెప్పేది రాయి ఒక్కటే కాదు. మట్టి ఎంత గుల్లగా ఉంది, నేలలో ఎన్ని పగుళ్లున్నాయి, కిటికీలు ఎంతసేపు తెరుస్తారు అన్నవి కూడా లెక్కలోకి వస్తాయి. ఒకే వీధిలో ఆనుకుని ఉన్న రెండు ఇళ్లలో కొలతలు వేరుగా రావచ్చు. అందుకే మ్యాపు చూసి ధైర్యం చెప్పడాన్ని, మ్యాపు చూసి భయపెట్టడాన్ని నేను ఒకేలా వ్యతిరేకిస్తాను.

మన ఇళ్ల తీరు చూడండి. పునాది లేపి, బేస్‌మెంట్‌లో మొరం పోసి, నీళ్లు కొట్టి, పైన కాంక్రీటు వేసి, బండలో టైల్సో పరుస్తాం. మొరం గుల్ల మట్టి, దాని గుండా వాయువు సులువుగా పైకి వస్తుంది. బండల సందులు, పైపులు దిగిన చోట్లు, గోడకూ నేలకూ మధ్య పగుళ్లు దానికి దారులు. ఇళ్లలో రేడాన్‌కు ప్రధాన మూలం ఈ నేలే. వంటింటి గ్రానైట్ గట్టు గురించి జనం పడే భయం చాలావరకు అనవసరం. గ్రానైట్ ప్రాంతాల్లో బోరు నీళ్ల నుంచి కొంత వస్తుంది గానీ, లీటరుకు వెయ్యి బెక్వెరల్స్ ఉన్న నీళ్లు వాడే ఇంట్లో గాలికి చేరేది ఘనపు మీటరుకు వంద దాకానే. పైగా ఆ నీళ్లు ఓవర్‌హెడ్ ట్యాంకులో పడేటప్పుడే కొంత భాగం ఎగిరిపోతుంది.

ఏసీల వల్ల వచ్చిన మార్పు ఇంకా పెద్దది. కూలర్ బయటి గాలిని లోపలికి తోస్తుంది, దానికి కిటికీ తెరిచి ఉండాలి. స్ప్లిట్ ఏసీ గదిలోని గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది, దానికి కిటికీ మూసి ఉండాలి. ఇక చలికాలం సంగతి. రాష్ట్రంలో అతి తక్కువ ఉష్ణోగ్రతలు నమోదయ్యే చోట్లలో కోహీర్, ఝరాసంగం, న్యాల్‌కల్ మండలాలు తరచూ ఉంటాయి. ఆ రాత్రుల్లో తలుపులు బిగించుకుని పడుకోని ఇల్లు ఉండదు. అంటే ఏడాదిలో చాలా రాత్రులు మూసిన గదుల్లోనే గడుస్తున్నాయి.

అమెరికాలో స్థిరపడిన మన పిల్లలకు రేడాన్ అన్న మాట బాగా తెలుసు. అక్కడ ఇల్లు కొనేటప్పుడు చేయించే తనిఖీల్లో రేడాన్ పరీక్ష మామూలే. 1984లో పెన్సిల్వేనియాలో ఒక ఇంజనీరు, ఇంకా ఉత్పత్తి మొదలుపెట్టని అణు విద్యుత్ కేంద్రంలోకి అడుగుపెడితే రేడియేషన్ గంటలు మోగాయి. కారణం వెతికితే అతని ఇంట్లోని రేడాన్ అని తేలింది. ఆ తరువాతే అక్కడ ఇళ్లలో పరీక్షలు విస్తరించాయి. మనకు అలాంటి గంట మోగేదాకా ఆగాల్సిన అవసరం లేదు.

కొలిచే సాధనాలు మన దగ్గరే ఉన్నాయి. భాభా అణు పరిశోధన కేంద్రం రూపొందించిన, ఫిల్మ్ పెట్టిన చిన్న డబ్బాను పడకగదిలో వేలాడదీస్తే చాలు. దానికి కరెంటు అక్కర్లేదు. ఉస్మానియా విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర పరిశోధకులు ఇలాంటి ఫిల్మ్‌లతో మన ఇళ్లలో రేడాన్ కొలిచారు. యురేనియం నిక్షేపాలు అన్వేషించే అణు ఖనిజాల సంచాలనాలయం ప్రధాన కార్యాలయం హైదరాబాద్ బేగంపేటలోనే ఉంది. లేనిది వీళ్లను మునిసిపాలిటీతో ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టే ఆదేశం.

ఆ ఆదేశానికి మంచి సమయం ఇదే. ఇందిరమ్మ ఇళ్ల పథకంలో అయిదు లక్షల సాయంలో మొదటి లక్ష బేస్‌మెంట్ పూర్తయ్యాక వస్తుంది. రేడాన్‌కు దారి పెట్టాల్సిందీ సరిగ్గా ఆ దశలోనే. మొరం మీద నాలుగు అంగుళాల కంకర పరిచి, పైన ప్లాస్టిక్ షీటు కప్పి, ఆ కంకరలోంచి నాలుగు అంగుళాల పీవీసీ పైపును గోడ మూలగా మిద్దె పైకి తీసుకెళ్లాలి. కింది వాయువులో కొంత గదిలోకి రాకుండా పైపులోంచి బయటికి పోతుంది. ఇంటి ఖర్చులో ఇది చిన్న భాగమే. తరువాత కొలత ఎక్కువ వస్తే పైపు చివర చిన్న ఫ్యాను బిగిస్తే సగానికి పైగా తగ్గుతుంది, చాలా ఇళ్లలో ఇంకా ఎక్కువ. కట్టేసిన ఇంట్లో పైపు దింపాలంటే నేలను తొలవాలి. కేవలం పగుళ్లు పూడ్చి ఊరుకుంటే వాయువు ఇంకో సందు వెతుక్కుంటుంది.

గ్రానైట్ ఉన్న మండలాల్లో ఈ పైపును ఇందిరమ్మ ఇళ్ల నమూనాలో తప్పనిసరి చేయాలి. జహీరాబాద్‌లో ముందు కొలవాలి: ప్రతి వార్డులో, ప్రతి ఊళ్లో కొన్ని ఇళ్లు ఎంచుకుని, చలికాలం కూడా కలిసేలా ఏడాదంతా. ఫలితాన్ని నివేదికలో దాచకుండా ఆ ఇంటివాళ్ల చేతికి ఇవ్వాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన 100 బెక్వెరల్స్ దాటితే కిటికీలు తెరవమని, 300 దాటితే పైపు వేయించుకోమని అందులోనే రాసి, పైపు వేయించుకోలేని వారికి పథకం నుంచే డబ్బు ఇవ్వాలి.