ముల్లు కింద పాట లేదు!

మా డెట్రాయిట్ అంటే కార్లేనని అనుకుంటారు మన చుట్టాలు. టెక్నో అనే డాన్స్ సంగీతం పుట్టిందీ ఇక్కడే. 1985లో హువాన్ అట్కిన్స్ ‘మెట్రోప్లెక్స్’, మరుసటి ఏడు డెరిక్ మే ‘ట్రాన్స్‌మాట్’ పేర్లతో సొంత లేబుళ్ళు పెట్టుకున్నారు. సరుకంతా 12 అంగుళాల రికార్డులే. గాళ్ళు ఎడమెడంగా ఉండటంతో బేస్ దద్దరిల్లేది. అయితే డబ్బు ముందే పెట్టాలి: మాస్టర్ కోయించాలి, రికార్డులు అచ్చొత్తించాలి, పెట్టెలు పంపించాలి. అమ్ముడుపోనివి బేస్‌మెంట్‌కే (మన పాత సావనీర్ల కట్టల్లాగా!).

ఇంజనీరుగా నాకు ముచ్చటేసేది 2001 ప్రాంతంలో ఆమ్‌స్టర్‌డామ్ నుంచి వచ్చిన ‘ఫైనల్ స్క్రాచ్’. ఆ రికార్డులో పాట ఉండదు, టైమ్‌కోడ్ ఉంటుంది. ముల్లు అందించే ఆ కోడ్‌ని బట్టి, డీజే చేయి ఎటు తిప్పితే అటు, లాప్‌టాప్‌లో పాట నడుస్తుంది. నదికి అవతల విండ్సర్ శివార్లలో పెరిగిన రిచీ హాటిన్ దాన్ని తొలినాళ్ళలోనే అందిపుచ్చుకున్నాడు.

2004లో డెన్వర్‌లో ‘బీట్‌పోర్ట్’ మొదలై డీజేలకు పాటలు ఫైళ్ళుగా అమ్మింది. లేబుళ్ళకు నిల్వల బెడద తగ్గింది, ఎప్పుడో అయిపోయిన పాటలూ మళ్ళీ దొరికాయి. కానీ అచ్చు ఖర్చు లేదు గనక ఎవరు పడితే వాళ్ళు లేబుల్ పెట్టేశారు. చేతి డబ్బు పోతుందన్న భయం ఒకప్పుడు జల్లెడలా పనిచేసేది. అది పోవడం నష్టమేనంటాను నేను. మా అమ్మాయి ఒప్పుకోదు. “ఆ జల్లెడ ఆపింది చెత్త పాటల్ని కాదు నాన్నా, డబ్బులేని కుర్రాళ్ళని” అంటుంది.

తను కొనేది 2008లో వచ్చిన ‘బ్యాండ్‌క్యాంప్’లో. అక్కడ లేబుల్ నేరుగా శ్రోతకే అమ్ముకుంటుంది. రికార్డు కొంటే ఫైలు కూడా ఇస్తారు. మా ఇంట్లో ఇప్పటికి పదకొండు రికార్డులున్నాయి. ప్లేయర్ మాత్రం లేదు.