పెట్టెయు, పాఠశాలయు

వివాహము కాకమున్నే గర్భవతియైన బాలికనుగూర్చి మన యిండ్లలో మాటాడు తీరు వినినచో సిగ్గు పుట్టును. ఆమె నిద్రాహారములు మాని కుములుచుండగా, లోకులేమందురోయని పెద్దలు తలుపులు మూయుదురు. ఆమె వ్యథకు గర్భమే కారణమని కొందఱందురు. మేమొప్పుకొనము. చెప్పుకొనుటకు మనుష్యులు లేకపోవుటయే ప్రధాన కారణము.

సంస్కృత భారతమున కుంతి, దాది యొక్కతె తప్ప నన్యులెఱుంగకుండ గర్భము దాచి, శిశువును పెట్టెలోనుంచి నదిలో విడిచెను. యుద్ధమున కర్ణుడు చచ్చినపిదపగాని వాడు తన కొడుకని ధర్మరాజుతో జెప్పజాలకపోయెను. నేటి బాలికయు నట్లే వదులుదుస్తులు తొడుగును, వాంతులను అజీర్ణమనును, చెలులకు దూరమగును, అంగడి మాత్రలు మ్రింగును. దీనిని గుట్టని మెచ్చువారు కలరు. ఇది గుట్టు కాదు, దిక్కులేమి. చిన్నవయసు గర్భమునకు గుఱ్ఱపువాతము మొదలగు నాపద లధికము; దాచినందున వైద్యపరీక్షయు లేకపోవును.

2021 సవరణచట్టము ననుసరించి 20 వారములవఱకు ఒక వైద్యుని, 18 ఏండ్లు నిండనివారి విషయమున 24 వారములవఱకు ఇద్దఱు వైద్యుల యభిప్రాయముతో గర్భస్రావము చేయవచ్చును. అయితే సంరక్షకుని వ్రాతపూర్వక సమ్మతి కావలయును. తల్లికే చెప్పజాలని పిల్లకు ఈ తలుపు తెఱచియు మూసినట్లే. పోలీసుల భయమును కలదు. 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము వైద్యుడు సమాచారమీయక తప్పదు. బాలికయు సంరక్షకుడును కోరినచో ఆమె పేరు తెలుపనక్కఱలేదని సుప్రీముకోర్టు 2022లో తీర్పు చెప్పెను. దీని నెందఱు తల్లిదండ్రు లెఱుంగుదురు?

కనికరించినచో దుర్నీతి పెరుగునని వాదింతురు. 18 ఏండ్లలోపు బాలిక సమ్మతికి చట్టమున విలువయే లేదు. చట్టము దోషిగా నెంచునది పురుషుని. మనము మాత్రము బాలికను బడి మాన్పించి, ఒక్కొక్కచో ఆ పురుషునికే కట్టబెట్టి, పరువు నిలిచెనని తృప్తి చెందుదుము. ఇదియా నీతి?

ఛాందోగ్యమున జబాల, తండ్రి గోత్రమెఱుంగనని కుమారునితో నిజము పలికెను. ఆ నిజమునే విని హారిద్రుమత గౌతముడు సత్యకాముని శిష్యునిగా గైకొనెను. హాజరుపట్టీనుండి బాలిక పేరు కొట్టివేయు ఉపాధ్యాయుడు ఏ గౌతముని వారసుడు?

ప్రతి పాఠశాలలోను బాలికలు నిర్భయముగా జెప్పుకొనదగిన యుపాధ్యాయిని యొకరుండవలయును. బాలల సహాయమునకై యేర్పడిన 1098 సంఖ్య గోడపై వ్రాయవలయును. ప్రసవానంతరము ఆమె బల్ల ఆమెకే యుండవలయును. ఇంతమాత్రము చేయనివారు ఆ పెట్టెను నదిలోనికి నెట్టు చేతులలో తమ చేతులును గలవని యెఱుంగుదురు గాక.