భుజానికి వొక గుంజ

పోయిన సంక్రాంతి పండుగ పనుల్లో మా పిన్ని పెరట్లో కాలుజారి పడింది. ఎక్సురే తీస్తే కుడి జబ్బ యెముక పైభాగం, భుజం కీలు దగ్గర, నాలుగు ముక్కలయిందని తేలింది. "ఆపరేషను చేసి లోపల యెముక ముక్క వొకటి పెడితే మంచిది. దానం వచ్చిన యెముక" అన్నారు డాక్టరుగారు.

"యెవరిదో యెముక నా వొంట్లోనా? యే కులమో, యే గోత్రమో! నేను వొప్పుకోను" అంది పిన్ని.

డాక్టరుగారు నవ్వలేదు. వోపికగా చెప్పారు. వయసు మళ్లిన ఆడవారిలో ఆ యెముక తల తరచు గుల్లబారి వుంటుంది. పడ్డప్పుడు లోపలిది నలిగిపోతుంది. వొరిగిన తలను యెత్తి నిలబెడితే దానికింద ఖాళీ మిగులుతుంది. ప్లేటు వేసి మరలు బిగించినా వాటికి పట్టు చిక్కదు. తల మళ్లీ వొరిగిందంటే మరలు కీలులోకి పొడుచుకువస్తాయి. అందుకని పిక్క పక్కనుండే సన్నని యెముకలో ఆరేడు సెంటీమీటర్ల ముక్కను జబ్బ యెముక గొట్టంలో నిలబెడతారు. వొరిగిన పందిరికి గుంజ నాటినట్టన్నమాట! చనిపోయినవారి బంధువులు దానమిచ్చిన యెముకను పరీక్షించి, శుద్ధిచేసి, యెముకల బ్యాంకులో దాచివుంచుతారు.

ఇది నిన్నటి విద్య కాదు. 1880 ప్రాంతంలో గ్లాస్గోలో విలియం మెక్యూయెన్ అనే సర్జను, చీముపట్టి జబ్బ యెముక పోయిన నాలుగేళ్ల పిల్లవాడికి, వేరే పిల్లల వంకరకాళ్లు సరిచేస్తూ తీసిన యెముక ముక్కలు పెట్టి చేతిని నిలబెట్టాడు.

"ఆపరేషను లేకుండా కుదరదా?" అని నేనడిగాను. చాలామందికి చేయి మెడకు కట్టివుంచి, తర్వాత వ్యాయామం చేయిస్తే సరిపోతుందట. బ్రిటనులో 250 మందిని రెండేళ్లు గమనించి 2015లో ప్రకటించిన పరిశీలనలో, కోత పెట్టినవారికీ పెట్టనివారికీ మొత్తంమీద చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదట. "కాని మీ పిన్నిగారికి తల బాగా వొరిగిపోయింది. నిర్ణయం ఆమెదే" అన్నారు.

మీ యింట్లో ఇలాంటిది జరిగితే మీరూ ఈ ప్రశ్న అడగండి. సంతకం తర్వాత అడిగి లాభం లేదు.

పిన్ని రాత్రంతా ఆలోచించి, "ఆ ఇచ్చినవాళ్లకు నేనేమివ్వాలి?" అంది. యేమీ ఇవ్వక్కరలేదనీ, పేరు కూడా చెప్పరనీ అన్నాం. పొద్దున్నే వొప్పుకుంది.

నెలల తరబడి వ్యాయామం చేసింది. చేయి మునుపటంత పైకి లేవదు కాని, తన కొప్పు తానే ముడుచుకుంటోంది.

మహాలయ అమావాస్యనాడు బాబాయి తర్పణాలు వదులుతుంటే పిన్ని గుమ్మంలో నిలబడి అంది:

"ఆ మనిషికీ కాసిని నీళ్లు వదలండి. పేరూ గోత్రమూ నాకు తెలియవు."